పెంకు మీద అగసిక్లెస్ పేరు

మరథాన్ పల్లె,
పెళ్ళిళ్ళ నెల, విపరీతమైన చలి

కెఫాలోన్ బావకి అగసిక్లెస్ రాయునది. నువ్వూ మెలిత్తా అక్కా కులాసా అని తలుస్తాను. నేను కులాసా. ఉల్లినారు కూడా కులాసా.

ఇంతకీ నా ప్రసంగం గురించి నగరంలో ఏమనుకుంటున్నారో ఒక్క ముక్క రాయలేదేం? నేను కొండమీది సభలో మాట్లాడి ఇన్నాళ్ళయింది. నలభై ఏళ్ళొచ్చాక మొదటిసారి నోరు విప్పాను కదా, ఆ మాత్రం కబురైనా రాకూడదా? నౌకల్లో తెడ్లు వేసేవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఉల్లిపాయలు ఏటేటా చిన్నవైపోతున్నాయని, గోలీకాయంత ఉల్లిపాయ తిన్నవాడు పారసీకుల మీదకి నౌక ఎలా తోలతాడని అడిగాను. అడగ్గానే ఏమైందో నువ్వూ చూశావు. జనం ఒక్కసారిగా లేచి నిలబడ్డారు! ఒక్కడూ కూర్చోలేకపోయాడు. సభ అక్కడితో ఆగిపోయింది. ఎంతెంత పెద్ద వక్తలకి జరిగింది ఇలా?

నిన్న చేపల గాడిదవాడు ఇంకో సంగతి చెప్పాడు. ఈ ఏడు పెంకుల ఓటు పెడదామా అని అడిగితే చేతులన్నీ పైకి లేచాయటగా? పూల నెల దాటగానే ఓటట. మరీ పెద్దవాడైపోయిన మనిషి ఎవడో ఒకడు, ఎక్కువ కుండపెంకుల మీద పేరు పడ్డవాడు, పదేళ్ళు దేశం విడిచి పోవాల్సిందే. పోనీ, పీడా వదులుతుంది. ఎవరి పేరు వినిపిస్తోందో రాయి. గుర్రాలు మేపే ఆ పొడుగు జుట్టాయనే అయ్యుంటాడు.

ఇక అక్క పంపిన కబురు అందింది. ఊటకి పోయే దారిలో నేను ముళ్ళకంచె వేశానని, మన దాది ఈ వయసులో కడవ నెత్తిన పెట్టుకుని గుట్ట చుట్టూ తిరిగి పోతోందని అక్క బాధ. అక్కకి చెప్పు, ఆ దారి నా పొలంలోది. పక్కింటి నిక్కోన్ మేకలు ఆ దారినే వచ్చి పోయినసారి వేసిన నా నారు మేసేశాయి. మేసినందుకు కూడా కాదు. అడగడానికి వెళ్తే వాడు ఊరందరి ముందూ నన్ను "ఉల్లిపాయల మహారాజా" అన్నాడు. ఇప్పుడు తిరగనీ అందరూ గుట్ట చుట్టూ. దాదికి పాపం కష్టమే, కానీ మాట మాటే.

నీ బావమరిది
అగసిక్లెస్

●

కుమ్మరి వాడ, ఏథెన్స్

ఒరేయ్ అగసీ,

నీ ఉత్తరం అందింది. మైనపు పలక రెండు వైపులా నింపి, చాలక చెక్క అంచుల మీద కూడా గీకావు. చదవడానికి పలక తిప్పీ తిప్పీ నా మెడ పట్టేసింది. ఈ పలక మాత్రం తిరిగి పంపు, అది నా సొంతం.

నీ ప్రసంగం సంగతి. ఎలా చెప్పాలో తెలీక ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. జనం లేచింది నీ మాటలకి కాదురా, వాన చినుకు పడింది. చినుకు పడితే జ్యూస్ దేవుడికి ఇష్టం లేదని సభ ఎత్తేస్తారని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. నీకు పడలేదా చినుకు? నీ నెత్తిన ఆ ఊలు టోపీ ఉంది, నీకెలా తెలుస్తుందిలే. నువ్వు ఇంకా ఉల్లిపాయ గోలీకాయంత అని చేత్తో చూపిస్తూనే ఉన్నావు, జనం చూరుల కిందికి పరిగెత్తారు. నేను కూడా పరిగెత్తాను, క్షమించు.

ఇంకో విషయం. నేను నీకు చెప్పకూడదనుకున్నాను, మీ అక్క చెప్పి తీరాలంది. ఈ పెంకుల ఓటు మాట వచ్చిన దగ్గర్నుంచి మా వాడలో ఎవరి చేతిలో చూసినా కుండపెంకే. రాయడం రానివాళ్ళు మా దగ్గరికి వచ్చి పేర్లు గీకించుకుపోతున్నారు. అలాంటి పెంకుల్లో ఒకటి నా కంటబడింది. దాని మీద ఇలా ఉంది: "మరథాన్ అగసిక్లెస్, బయటికి నడు."

ఎవరు రాశారని నన్ను అడక్కు. ఒక్కటే పెంకు చూశాను. ఇంకెక్కడైనా ఉన్నాయేమో నాకు తెలీదు. కంగారు పడకు. ఆరువేల మంది వచ్చి ఓటేస్తేగాని అసలు ఓటు చెల్లదు.

మీ అక్క ఆరోగ్యంగానే ఉంది. ఈ మధ్య ఎందుకో తనలో తనే నవ్వుకుంటోంది.

కెఫాలోన్

●

మరథాన్ పల్లె

బావా!

నీ ఉత్తరం చదివి రెండు రోజులు తిండి మానేశాను. మూడోరోజు కొద్దిగా యవలగంజి, అంజూరప్పళ్ళు, ఒక మేకమాంసం ముక్క తిన్నాను, అంతే.

కంగారు పడకు అంటావా? పెళ్ళాన్నీ పిల్లల్నీ, కొత్తగా కట్టించుకున్న ద్రాక్షగానుగనీ వదిలి పదేళ్ళు పోవాలి! ఆస్తి లాక్కోరట, మనిషి మాత్రం పోవాలట. అదేం న్యాయం? ఉల్లిమడులు ఇక్కడా, నేను అక్కడానా? తిరిగొచ్చేసరికి నాకు యాభై దాటతాయి. ఈలోగా ఆ నిక్కోన్ గాడి మేకలు నా గడపలో ఈనతాయి.

కానీ బావా, రాత్రంతా ఆలోచించాను. పెంకుల ఓటు మామూలువాడికి పడదు కదా! ఎవడిని చూసి జనం భయపడతారో వాడికే పడుతుంది. అంటే ఏమిటన్నమాట? వాన అంటావు నువ్వు. నలుగురు వాన అన్నారు కాబోలు, కానీ పెద్దింటివాళ్ళు చెట్ల కింద నిలబడి "ఎవడీ మరథాన్ వాడు, వీణ్ణి ఇప్పుడే తుంచెయ్యకపోతే రేపు మన చేతికి దొరకడు" అని అనుకుని ఉంటారు. నాకిది గర్వం కాదు, ఉన్నమాట. ఆ పెంకు మంచి నునుపైన పెంకా, లేక గరుకు పెంకా? పెద్దింటి పెంకయితే నునుపుగా ఉంటుంది. చూసి రాయి.

నా భార్యకి చెప్పాను. "నిన్నా? ఎందుకూ?" అంది. అంతే అంది. ఆ "ఎందుకూ" అన్న తీరు నాకు నచ్చలేదు.

ఒకవేళ పోవాల్సొస్తే ఈజినా దీవి మంచిదా, యుబోయా మంచిదా? ఈజినాలో ఉల్లి పండుతుందా? ఎవరూ ఎరగకుండా కనుక్కో. అన్నిటికన్నా ముందు, ఈ గండం తప్పేదెలాగో చెప్పు. నువ్వు ఈ ఏడు చీట్ల బదులు తీసే గింజల్లో తెల్ల చిక్కుడుగింజ తగిలి ఐదువందల మంది సభలో కూర్చున్నవాడివి. నీకు తెలీని కిటుకు ఉండదు.

అగసిక్లెస్
(నా పేరు ఈ పలక మీద కూడా తుడిచెయ్యి. పెద్ద పేరయిపోతోంది.)

●

కుమ్మరి వాడ

బావమరిదీ,

పెంకు గరుకుదే. వంటకుండ పెంకు. మూలన కాస్త మసి కూడా ఉంది. కాబట్టి పెద్దింటి సంగతి మర్చిపో.

కిటుకు అడిగావు. మీ అక్కతో కూర్చుని చాలాసేపు ఆలోచించాను. పెంకుల ఓటు ఎందుకు పెట్టారు? మళ్ళీ నియంత పుట్టకుండా ఉండటానికి. అలాంటివాడు ఎలా ఉంటాడు? అందరికంటే ఎత్తుగా నిలబడతాడు, అందరికంటే గట్టిగా మాట్లాడతాడు, అందరిదీ అయినదాన్ని నాది అంటాడు. నువ్వు ఈ మూడూ మానెయ్యి. చిన్నగా కనపడు. చిన్నవాడికి పెంకు ఎవడేస్తాడు?

మొదటి రెండూ నీకు సులువుగా వస్తాయనుకోను, ప్రయత్నం చెయ్యి. మూడోది మాత్రం తప్పనిసరి. సంతలో ఒకాయన నీ గురించే అన్నాడు, పేరు చెప్పను: "వాడెవడో మరథాన్‌లో జనానికి నీళ్ళదారి మూసేశాడటగా? అలా మొదలవుతుంది. ఇవాళ ఊట, రేపు ఊరు." చుట్టూ ఉన్నవాళ్ళందరూ తలలాడించారు. చేపలమ్మే ఆవిడ కూడా. ఆవిడకి ఓటు లేదనుకో, కానీ ఆవిడ నోటికి ఊళ్ళో భయపడనివాడు లేడు.

ఆ కంచె తియ్యి అగసీ. చలికి గుట్టరాళ్ళు జారుడుగా ఉంటాయి. మీ దాది మొన్న పడిందని కబురొచ్చింది. కడవ పగిలింది, ఎముక పగల్లేదు, అదృష్టం. నిన్నూ మీ అక్కనీ ఎత్తుకుని పెంచిన మనిషి. మీ అక్క ఆ కబురు విన్న రోజు పొయ్యి వెలిగించలేదు. ఆమె నీలా గంజీ మేకమాంసమూ తినలేదు, నిజంగానే ఏమీ తినలేదు.

కెఫాలోన్

●

మరథాన్ పల్లె,
పూల నెల

బావకి నమస్కారాలు.

చిన్నవాణ్ణయ్యాను. చూస్తే నువ్వు గుర్తుపట్టవు.

ఎర్రంచు దుప్పటి పెట్టెలో పెట్టేశాను, చిరుగుది కప్పుకుంటున్నాను. చెప్పులు వదిలేశాను. ఊరిసభలో ఎప్పుడూ ముందువరసలో కూర్చునేవాణ్ణి కదా, ఈసారి వెనక గోడకి ఆనుకుని కూర్చున్నాను. పందుల దొడ్డికి కొత్త తలుపు పెట్టాలా వద్దా అని రెండు పూటలు వాదించుకున్నారు. నేను నోరు మెదపలేదు. నాకెంత కష్టమయిందో నీకు చెప్పలేను, నా పళ్ళ మధ్య నాలుక గిలగిల్లాడిపోయింది. మధ్యలో ఊరిపెద్ద ఆగి, "అగసిక్లెస్ ఏం మాట్లాడట్లేదేమిటి, ఒంట్లో బాలేదా?" అన్నాడు. సాయంత్రానికి ఇంటికి ముగ్గురు చూడటానికొచ్చారు. ఒకడు వెల్లుల్లి కషాయం తెచ్చాడు. నా భార్య మాత్రం ఈ పెంకుల ఓటు ఏటా పెడితే బాగుండు అంటోంది.

కంచె తీసేశాను. నీ మాటకి కాదు, సంతలో ఆయన మాటకి. తీస్తుంటే నిక్కోన్ వచ్చి చూశాడు. వెక్కిరిస్తాడనుకుని నేను తల ఎత్తలేదు. వాడు వంగి రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి లాగాం. ముళ్ళన్నీ నా చేతుల్లోనే గుచ్చుకున్నాయి, వాడి చేతుల్లో ఒక్కటి లేదు, అది వేరే సంగతి. మేకలకి కూడా వాడే తాళ్ళు కట్టాడు.

మర్నాడు దాది ఆ దారిన మొదటి కడవ తెచ్చుకుంది. నన్ను చూసి ఆగి, కడవ దింపి, నా గడ్డం పట్టుకుని "నా బంగారు కొండ" అంది. ఇదంతా జనం చూశారు. కొత్త ద్రాక్షసారా జాడీలు తెరిచే పండుగరోజున నన్ను పిలిచి మొదటి గిన్నె నా చేతికే ఇచ్చారు. వద్దు వద్దన్నాను, చిన్నవాణ్ణి కదా. వద్దన్నకొద్దీ ఎక్కువ పోశారు. బావా, ఈ అట్టికా దేశం మొత్తంలో ఇప్పుడు నా అంత వినయం ఉన్నవాడు ఇంకోడు లేడు. ఈ మాట నేను ఎవరికీ చెప్పుకోవడం లేదు, నీకే రాస్తున్నాను.

కానీ అక్కడే వచ్చింది ఇప్పుడు భయం. ఇంత వినయం చూసి జనం నన్ను ఇంకా పెద్దవాణ్ణి అనుకుంటే?

ఓటురోజు నగరానికి వస్తాను. ముఖం కప్పుకుని వచ్చి, పెంకు వేసి, ముఖం కప్పుకునే పోతాను. మీ ఇంటికి రాను. నాతో చుట్టరికం ఉందని తెలిస్తే నీకు ఇబ్బంది.

అగసి

●

కుమ్మరి వాడ,
ఓటు అయిన మర్నాడు

అగసీ,

నువ్వు దేశం విడిచిపోనక్కర్లేదు. ముందు ఆ మాట రాస్తే మిగతాది నెమ్మదిగా చదువుతావని రాశాను.

నువ్వు చూశావుగా, సంతబజారు చుట్టూ చెక్కలతో కంచె కట్టి పది గుమ్మాలు పెట్టారు. నేను లోపల పెంకులు ఏరే పనిలో ఉన్నాను. ముందు అన్నీ కలిపి లెక్కపెట్టారు, ఆరువేలు దాటాయి. తర్వాత ఒక్కొక్క పేరూ ఒక్కొక్క కుప్పగా పోశాం. గుర్రాలాయన కుప్ప నా మోకాలెత్తు లేచింది. పాపం ఆయన మూటలు కట్టుకుంటున్నాడు.

నీకు ఒక్కటి పడింది.

ఇక నేను చెప్పాల్సింది ఒకటుంది, నువ్వు కోప్పడతావు. ఆ చలికాలంలో నా కంటబడిన వంటకుండ పెంకు మా ఇంటిదే. మీ అక్క చెప్పింది, నేను గీకాను. దాది కోసం, ఆ కంచె కోసం. మంచిమాటలు నాలుగుసార్లు కబురు పంపినా నువ్వు వినలేదు కాబట్టి. సంతలో మాట్లాడిన ఆయన కూడా లేడు, ఆయన మాటలు మీ అక్కవే. కానీ జ్యూస్ మీద ఒట్టు, ఆ పెంకుని మేం ఓటుకి వెయ్యలేదు. అది ఇప్పుడు కూడా మా వంటింట్లో ఉప్పుజాడీ మీద మూతగా ఉంది.

మరి పడిన పెంకు ఎవరిది? నా చేతికే వచ్చింది. తిప్పి చూశాను. నల్లగా మెరిసే పెంకు, సన్నటి గిన్నె అడుగు. కింద మట్టిలో నా బొటనవేలి ముద్ర ఉంది. నేను చేసిన గిన్నెల్లో నా వేలు అలా జారి ముద్రపడింది ఒక్కదానికే. అది నీ పెళ్ళికి చేసి ఇచ్చింది. నువ్వు పండుగలకి తప్ప బయటికి తియ్యవు.

అగసీ, ఎందుకురా?

కెఫాలోన్

●

మరథాన్

కెఫాలోన్‌కి. ఇకమీదట బావ అనను.

ఇంతకాలం నన్ను ఆడించారు. భార్యాభర్తలిద్దరూ కూర్చుని నవ్వుకున్నారు. ముళ్ళు అక్కడే కుప్పపోసి ఉన్నాయి. రేపు పొద్దున్నే కంచె మళ్ళీ వేస్తున్నాను.

అగసిక్లెస్

●

కుమ్మరి వాడ

ఇది మీ అక్క చెప్తుంటే రాస్తున్నాను. ఒక్క అక్షరం మార్చినా పొయ్యిలో కట్టెతో కొడతానంది.

"అగసీ, నవ్విన మాట నిజమే. ఏడ్చిన మాట నువ్వు అడగలేదు, చెప్పను. నాకు సభలేదు, ఓటులేదు, ఊటదారి మూసేస్తే వెళ్ళి అరవడానికి కొండలేదు. ఉన్నది ఒక మొగుడూ, ఒక కుండపెంకూ. ఉన్నదాంతో చేశాను. కంచె వేసుకో నీ ఇష్టం. వేసేముందు దాది ముఖం ఒక్కసారి చూసి వెయ్యి."

రాశాను. నా తరఫున ఏమీ లేదు. బావ అనకపోతే పోనీ, పలక పంపు.

●

మరథాన్ పల్లె,
ఉల్లి పీకే రోజులు

బావా,

పలక పంపుతున్నాను. ఆలస్యమైంది, మైనం మీద పిల్లలు మేకబొమ్మ గీశారు.

నువ్వు అడిగినదానికి ముందు జవాబు. ఓటుకి ముందురోజు పొద్దున ఇంట్లో కూర్చుని పెంకు వెతుకుతున్నాను, గుర్రాలాయన పేరు రాద్దామనే. హఠాత్తుగా ఆలోచన వచ్చింది. నాకు ఎవరూ వెయ్యకపోతే? ఇంత భయపడి, చెప్పులు వదిలి, నోరు కట్టుకుని, కంచె తీసి, చివరికి ఒక్కటి కూడా పడకపోతే? ఆ పెంకు చూశానన్న నువ్వు కూడా నన్ను పిచ్చివాడి కింద జమకడతావు. ఒక్కటైనా పడాలి. పడితే పరువుంటుంది. ఉల్లిజాడీ పెంకు ఉంది, కానీ నా పేరు ఉల్లిజాడీ మీద రాయడానికి చేతులు రాలేదు. అందుకని నీ గిన్నె పగలగొట్టాను. పగలగొట్టగానే ఏడుపొచ్చింది. మిగతా ముక్కలు దాచిపెట్టాను.

ఇక కంచె. నిజం ఒప్పుకుంటూ నువ్వు రాసిన ఉత్తరం వచ్చిన మర్నాడు కోపంగా వెళ్ళి ముళ్ళు ఈడ్చుకుంటూ దారికి అడ్డంగా వేస్తున్నాను. దాది కడవతో వచ్చింది.

"మళ్ళీనా?" అంది.

"మళ్ళీనే."

"వేసుకో నాయనా. ఆ కొస పట్టుకోనా? ఒక్కడివి లాగలేవు."

ఆవిడ కడవ దింపింది.

"నిన్ను పంపించేస్తారని ఊటకాడ ఒకటే అనుకున్నాం," అంది. "పంపలేదట కదా. ఎన్ని పడ్డాయేం?"

"ఒకటి," అన్నాను. ఎవరిదో చెప్పలేదు.

"ఒకటేనా!" అని నవ్వింది దాది. "నాకు ఓటుంటే ఒకటి కాదు, గంపెడు తెచ్చి కుమ్మరించేదాన్ని. కంచె ఉన్నన్నాళ్ళూ గుట్ట ఎక్కుతూ, మెట్టుకో పెంకు నీ పేరున వేసుకున్నాను మనసులో. నేనేనా? నిక్కోన్ పెళ్ళాం వేసింది. నీళ్ళకొచ్చే పిల్లలు వేశారు. నీ ఇల్లాలు కూడా."

"నా ఇల్లాలా?"

"ఆవిడే ముందు. కంచె తీసిన రోజున అందరం వెనక్కి తీసేసుకున్నాం. నా బంగారు కొండవి కదా."

బావా, నేను అక్కడే ఆ రాయి మీద కూలబడ్డాను. సిగ్గేసింది, నిజంగా సిగ్గేసింది. సభలో పెద్దింటివాళ్ళు నన్ను చూసి భయపడుతున్నారనుకున్నాను. వాళ్ళకి నేనెవరో కూడా తెలీదు. నన్ను చూసి భయపడ్డది కడవలు మోసే ఆడవాళ్ళు. నా మీద నిజంగా ఓటు పడింది, కాకపోతే లెక్కపెట్టే చోట పడలేదు.

కాసేపటికి అడిగాను, "అందరూ కలిసి ఎంతమంది ఉంటారు దాదీ?"

"ఊళ్ళో ఉన్న ఆడవాళ్ళందరూ."

"అందరూనా?"

"అందరూ."

ఒకసారి ఆలోచించు బావా, ఊరుఊరంతా! వాళ్ళకి ఓటుండి ఉంటే ఈపాటికి గుర్రాలాయన ఇంట్లో ఉండేవాడు, నేను ఈజినాలో ఉండేవాణ్ణి. ఇది నిక్కోన్‌కి చెప్పాను. వాడు మొదటిసారి నన్ను కాస్త మర్యాదగా చూశాడు.

ముళ్ళన్నీ దాది పొయ్యికి మోసుకెళ్ళి ఇచ్చాను. బాగా మండుతున్నాయట. అక్కకి చెప్పు, ఉప్పుజాడీ మూత నాకు పంపమను, మా గుమ్మం మీద పెట్టుకుంటాను. నాకు కోపం వచ్చినప్పుడు ఇల్లాలు వేలు పెట్టి చూపిస్తానంది.

పెద్ద ఉల్లిపాయలు ఒక గంప పంపుతున్నాను, ఒక్కటి కూడా గోలీకాయంత లేదు. బదులుగా నాకు ఇంకో గిన్నె చెయ్యి బావా. అడుగున నీ వేలిముద్ర మాత్రం ఉండాలి. ఈసారి పగలగొట్టే పని పెట్టుకోను.

నీ బావమరిది
అగసి